బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో నీళ్లు నీళ్లలాగే కనపడాలంటే ఎలా సెట్ చేయాలి?

నీళ్లు చేయమంటే చాలామంది ముందు చేసే పని బేస్ కలర్ నీలం పెట్టేయడం, సగం అక్కడే చెడిపోతుంది. వెలుగు ఎంత వెనక్కి కొడుతుంది, ఎంత వంగి లోపలికి పోతుంది అనేది చూసే కోణాన్ని బట్టి మారుతుంది, ఆ లెక్క సాఫ్ట్‌వేర్‌కే వదిలేయండి. ఒక చిన్న స్విమ్మింగ్ పూల్ అనుకుందాం, రెండర్ ఇంజిన్ (సీన్‌ని చిత్రంగా మార్చేది) సైకిల్స్.

ముందు మోడల్. ఒట్టి ప్లేన్ కాకుండా పూల్ సైజుకి క్యూబ్ పెట్టండి, దాని పక్కలూ అడుగూ గోడల్లోకి కొంచెం దూరి ఉండాలి, ఎందుకంటే వెంట్రుకవాసి సందు ఉన్నా సైకిల్స్ దాన్ని గాలి అనుకుంటుంది, అప్పుడు గోడలు అద్దాల్లా మెరుస్తాయి. ఫేస్ ఓరియెంటేషన్ ఆన్ చేసి బయటివైపు ఎర్రగా కనపడితే నార్మల్స్ (ప్రతి ఫేస్ ఎటువైపు చూస్తుందో చెప్పే దిశలు) తిరగబడ్డట్టే, సరిచేసుకోండి.

తర్వాత మెటీరియల్. ప్రిన్సిపుల్డ్ బీఎస్‌డీఎఫ్ అనే షేడర్‌లో (వస్తువు మీద వెలుగు ఎలా ప్రవర్తించాలో చెప్పేది) ట్రాన్స్‌మిషన్ 1, రఫ్‌నెస్ 0, ఐఓఆర్ (వక్రీభవన గుణకం, వెలుగు ఎంత వంగాలో చెప్పేది) 1.333, కలర్ తెలుపు, అంతే. రిఫ్లెక్షన్ కోసం విడిగా గ్లాసీ షేడర్ తెచ్చి సగం సగం మిక్స్ చేయొద్దు ప్లీజ్, ఫేక్‌గా కనపడేది దానివల్లే. నిటారుగా పైనుంచి చూస్తే నీళ్లు వెనక్కి కొట్టేది 2 శాతమే, అందుకే అడుగున టైల్స్ కనపడతాయి, నిటారు నుంచి 60 డిగ్రీలు వాలి చూసినా 6 శాతం దగ్గరే, 80కి వెళ్లేసరికి 35 దాకా ఎగబాకి ఆ తర్వాత నూటికి నూరు వైపు పరిగెడుతుంది. దూరంగా ఉన్న నీళ్లలో ఆకాశమే కనపడేది ఇందుకే. గేమ్ ఇంజిన్‌లో షేడర్ మీరే రాసుకుంటుంటే ఈ రిఫ్లెక్షన్ లెక్కకి 1994లో ష్లిక్ అనే గ్రాఫిక్స్ పరిశోధకుడు ఇచ్చిన షార్ట్‌కట్ ఉంది, 1 లోంచి కోణం కొసైన్ తీసేసి, వచ్చినదాన్ని ఐదో పవర్‌కి పెంచి 0.98తో గుణించి 0.02 కలపడమే.

ఇప్పుడు టెస్ట్ చేయండి. ఒక కర్ర ఏటవాలుగా ముంచితే నీటి మట్టం దగ్గర విరిగినట్టు కనపడాలి, 4 అడుగుల లోతు పైనుంచి చూస్తే 3 అడుగుల్లా ఉండాలి. కెమెరాని నీళ్లలోకి దించి పైకి చూడండి, బయటి ప్రపంచమంతా 97 డిగ్రీల గుండ్రటి కిటికీలో ఇరుక్కుని, దాని చుట్టూ పూల్ అడుగే ప్రతిబింబంగా కనపడాలి, 48.6 డిగ్రీలు దాటిన వెలుగు నీళ్లలోంచి బయటికి రాలేదు కాబట్టి. నాకైతే అన్నిటికన్నా ఈ టెస్ట్ మీదే నమ్మకం.

అలలకి పై ఫేస్‌ని సబ్‌డివైడ్ చేసి నాయిస్‌తో (క్రమం లేని ఎగుడుదిగుడు నమూనా) డిస్‌ప్లేస్ మోడిఫయర్ (ఉపరితలాన్ని పైకీ కిందకీ జరిపేది) వేసి, షేడ్ స్మూత్ పెట్టండి. తక్కువలోనే ఉంచండి, పూల్‌లో తుఫాను రాదు కదా.

రంగు ఇప్పుడు. మెటీరియల్ వాల్యూమ్ సాకెట్‌కి వాల్యూమ్ అబ్‌సార్ప్షన్ (లోపల వెళ్లే వెలుగుని పీల్చే నోడ్) కలిపి లేత నీలి ఆకుపచ్చ ఇవ్వండి, నీళ్లు ఎరుపుని ముందు మింగేస్తాయి కాబట్టి లోతు పెరిగేకొద్దీ రంగు దానంతటదే చిక్కబడుతుంది.

చివరిది, అడుగున కదిలే వెలుగు గీతలు, కాస్టిక్స్. బ్లెండర్ 3.2 నుంచి షాడో కాస్టిక్స్ ఉంది, లైట్‌కి అది ఆన్ చేసి, నీళ్లకి కాస్ట్, పూల్ అడుగుకి రిసీవ్ టిక్ పెట్టాలి, మూడింట్లో ఒక్కటి మర్చిపోయినా గీతలు రావు.