చలి మొదలయ్యాక మా కుక్కల చేత నీళ్ళు ఎలా తాగించానంటే

అలాస్కాలో ఫెయిర్‌బ్యాంక్స్ దగ్గర మంచు మీద జారే బండి (స్లెడ్) లాగే కుక్కల కెన్నెల్‌లో పనికి కుదిరాక ఇదే నా మొదటి చలికాలం. అక్టోబరులో మంచు పడగానే, బండి లాగే రోజులొచ్చాయని ముప్పై రెండు కుక్కలూ గంతులేశాయి. నీళ్ళు మాత్రం ముట్టడం మానేశాయి. గిన్నెలో పోసినవి చూస్తుండగానే గడ్డ కట్టేవి, అవేమో మంచు నాకి సరిపెట్టుకునేవి. మంచుతో దాహం సరిగ్గా తీరదు, పైగా దాన్ని కరిగించడానికి ఒంట్లో వేడి ఖర్చవుతుంది.

ఓ సాయంత్రం అందరికంటే ముందు పరిగెత్తే ఆడకుక్క మెడ మీద తోలు పట్టి లాగి వదిలాను. టక్కున వెనక్కి పోవాల్సిన మడత అలాగే నిలబడింది. చిగుళ్ళు తడిమితే జిగురుగా తగిలాయి. ఒంట్లో నీళ్ళు తగ్గిపోయాయన్నమాట. నా ప్రాణం ఉసూరుమంది.

మర్నాటి నుంచి పద్ధతి మార్చాను. మాంసం ముక్కలు, కాస్త కొవ్వు బకెట్‌లో వేసి గోరువెచ్చటి నీళ్ళు పోస్తాను. పల్చగానే ఉండాలి, చిక్కబడితే అది తిండే అవుతుంది. అడుగున ఉన్న ముక్క కోసం గిన్నె మొత్తం ఖాళీ చేస్తాయి. పరుగుకి రెండు గంటల ముందే తాగిస్తాను, కడుపు నిండుగా ఉంటే పరిగెత్తలేవు. తాగగానే గిన్నె బోర్లిస్తాను, లేకపోతే మిగిలిన చుక్కలు గడ్డకట్టి మర్నాడు సుత్తితో కొట్టాల్సిందే.

ఇప్పుడు పొద్దున్నే మొదట చూసేది మంచు మీద మూత్రం రంగు. ముదురు పసుపు పోయి లేతగా మారింది. నిన్న మళ్ళీ ఆ ఆడకుక్క మెడ పట్టి చూశాను. తోలు వదలగానే సర్దుకుంది, నా చెయ్యి నాకింది.