మారిషస్ వెళ్తే ఆ రెండు స్టాంపులను వెలుగులో చూడండి

మారిషస్ వెళ్లేవాళ్లకు ఒక చిన్న మాట. పోర్ట్ లూయిస్‌లో కాడన్ వాటర్‌ఫ్రంట్ దగ్గర బ్లూ పెన్నీ మ్యూజియం ఉంది. మారిషస్ తొలి తపాలా స్టాంపులు, 1847 నాటివి, రెండు అక్కడున్నాయి. వాటి మీద లైటు గంటకోసారి, పది నిమిషాలే వేస్తారు. ఎండకీ వెలుగుకీ రంగు వెలిసిపోతుందని ఆ జాగ్రత్త. మిగతా సమయంలో కనిపించేవి నకళ్లే. అందుకే లోపలికి వెళ్లగానే కౌంటర్‌లో లైటు వేసే టైమ్ అడిగి, ఆ వేళకు ముందే అక్కడ నిలబడండి. ఆదివారం మ్యూజియం ఉండదు.

ఒక పెన్నీది నారింజ ఎరుపు, రెండు పెన్నీలది ముదురు నీలం. జోసెఫ్ బర్నార్డ్ రాగి రేకు మీద చేత్తో చెక్కిన బొమ్మలవి. ఒక్కోటి ఐదొందలే అచ్చువేశారు, ఇప్పుడు రెండూ కలిపినా ముప్పై లోపే మిగిలాయి. ఎడమ అంచున నిలువుగా ‘పోస్ట్ ఆఫీస్’ అని ఉంటుంది, తర్వాతి ఏడాది వాటిలో అది ‘పోస్ట్ పెయిడ్’ అయింది. స్టాంపు మీది విక్టోరియా రాణి బొమ్మలో మెడ కింది అంచున బర్నార్డ్ పొడి అక్షరాలు కూడా వెతకండి, చాలా చిన్నవి.

అక్కడి నుంచి రేవు వెంబడి నడిస్తే పాత రాతి పోస్టాఫీసు భవనం, అందులోనే పోస్టల్ మ్యూజియం. దాని పక్కనే ఆప్రవాసీ ఘాట్. కోరంగి వైపు నుంచి ఓడలెక్కిన మనవాళ్లు కూడా కూలీలుగా దిగిన రేవు అది. అక్కడ కాసేపు ఆగండి.