ఎకరానికా, హెక్టారుకా? చేనులో కొలతల లెక్క

నాటి నలభై రోజులైన మిరప చేనుకి మా నాన్న మందు కొట్టి వచ్చారు. మూడో రోజుకల్లా ఆకుల అంచులు మాడిపోయాయి. నేను అప్పటికే హైస్కూల్లో లెక్కల టీచర్ని. సీసా తెప్పించి లేబుల్ చదివాను. మందు 1000 మి.లీ., నీళ్లు 500 లీటర్లు అని ఉంది. పై గడిలో చిన్న అక్షరాల్లో 'హెక్టారుకు' అని ఉంది. నాన్న ఆ లీటరు సీసా మొత్తం ఒక్క ఎకరానికే కొట్టేశారు. నీళ్లు మాత్రం ఎప్పటిలాగే ఎకరానికి 200 లీటర్లు పెట్టారు. లీటరు నీటికి 2 మి.లీ. కలవాల్సిన మందు 5 మి.లీ. కలిసింది. అంటే 16 లీటర్ల పంపులో 32 మి.లీ. పోయాల్సిన చోట 80 మి.లీ. పోశారన్నమాట.

చేను తేరుకుంది గానీ కాపు బాగా వెనకబడింది. హెక్టారుని చదరపు మీటర్లలోకి మార్చడం బడిలో ఏటా చెబుతాను, ఇంట్లో మాత్రం ఒక్కసారీ చెప్పలేదు. ఆ బాధతోనే ఇది రాస్తున్నాను.

లెక్క మొదలుపెట్టే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: అంకె పెరగాలా, తగ్గాలా? తొట్టిలో నీళ్లు బిందెతో తోడితే పది బిందెలు వస్తాయి, చెంబుతో తోడితే నూరు దాటుతాయి. నీళ్లు అవే. కొలిచే పాత్ర చిన్నదయ్యేకొద్దీ లెక్క పెద్దదవుతుంది. లీటర్లని మిల్లీలీటర్లలోకి మారిస్తే అంకె పెరగాలి, గ్రాముల్ని కిలోల్లోకి మారిస్తే తగ్గాలి. 250 గ్రాముల్ని కిలోల్లో రాయమంటే 2,50,000 అని రాసే పిల్లవాడికి గుణకారం బాగానే వచ్చు. ఈ ప్రశ్న వేసుకోకపోవడమే వాడి పొరపాటు. వెయ్యితో భాగించాలి, 0.25 కిలో రావాలి.

పేర్లు ఆరే. కిలో అంటే వెయ్యి, హెక్టా అంటే వంద, డెకా అంటే పది. డెసి పదోవంతు, సెంటీ నూరోవంతు, మిల్లీ వెయ్యోవంతు. 'మిల్లీ' వినగానే మిలియన్ గుర్తొచ్చి పెద్దదనుకునే పిల్లలు ప్రతి తరగతిలో ఉంటారు, వాళ్లకి ఇది రెండుసార్లు చెప్పాలి. మా నాయనమ్మ కాలంలో మూడు తులాలు ఒక పలం, నలభై పలాలు ఒక వీశె, ఎనిమిది వీశెలు ఒక మణుగు. మూడు, నలభై, ఎనిమిది: ఒక్కో మెట్టుకి ఒక్కో ఎక్కం. మన దేశంలో 1958 అక్టోబరు నుంచి కిలోల తూకం మొదలయ్యాక ప్రతి మెట్టూ పదే అయింది. చుక్కని అటో ఇటో జరిపితే చాలు.

పొడవులకి ఇంతకుమించి ఏమీ లేదు. చిక్కంతా వైశాల్యంతోనే. మీటరుకి 100 సెంటీమీటర్లు కాబట్టి చదరపు మీటరుకీ 100 చదరపు సెంటీమీటర్లే అని అందరూ అనేస్తారు. నేను పిల్లల్ని బయటికి తీసుకెళ్లి నేల మీద సుద్దతో మీటరు పొడవు, మీటరు వెడల్పు ఉన్న గడి గీయిస్తాను. నిలువునా వంద, అడ్డంగా వంద. లోపల పట్టేవి 10,000. పొడవులో ఒకసారి జరిగే గుణకారం వైశాల్యంలో రెండుసార్లు, ఘనపరిమాణంలో మూడుసార్లు జరుగుతుంది. గీసి చూసిన పిల్లలు దీన్ని మళ్లీ మర్చిపోరు.

హెక్టారు అంటే 100 మీటర్ల పొడవు, 100 మీటర్ల వెడల్పు ఉన్న చేను, 10,000 చదరపు మీటర్లు. ఎకరం 4,047. కాబట్టి హెక్టారుకి 2.47 ఎకరాలు. తెలంగాణ వాళ్లకి ఇంకో దారి ఉంది: ఎకరానికి 40 గుంటలు, గుంట 101 చదరపు మీటర్లు. అంటే హెక్టారు దగ్గర దగ్గర 99 గుంటలు. నాకు ఈ పోలిక చాలా ఇష్టం, ఎందుకంటే కంటికి కనిపిస్తుంది.

హెక్టారు మోతాదుని ఎకరం మోతాదు చేయాలంటే 2.47తో భాగించండి. నాన్న మందు 1000 మి.లీ.ని భాగిస్తే 405 వస్తుంది, అంటే సుమారు 400 మి.లీ.

ఎరువులకీ ఇదే పద్ధతి, కాకపోతే మెట్లు ఎక్కువ. హెక్టారుకి 120 కిలోల నత్రజని వేయమన్నారనుకుందాం. ఎకరానికి 48.6 కిలోలు. యూరియాలో నత్రజని నూటికి 46 పాళ్లే, కాబట్టి 48.6ని 0.46తో భాగించాలి: 105.6 కిలోల యూరియా. బస్తా 45 కిలోలు, కాబట్టి రెండు బస్తాలు, పైన ఇంకో 16 కిలోలు. 2018కి ముందు బస్తా 50 కిలోలు ఉండేది. 'ఎకరానికి రెండు బస్తాలు' అనే పాత మాట పట్టుకుంటే ఇప్పుడు పది కిలోలు తక్కువ పడుతుంది. బస్తా కొలత కాదు, కిలోయే కొలత.

ఇక పంపు లెక్క. యూనిట్లని కూడా అంకెల పక్కనే రాయండి, పైనా కిందా ఒకటే ఉంటే కొట్టేయండి. లీటరుకి 0.5 మి.లీ. అంటే 16 లీటర్లకి 8 మి.లీ. లీటర్లు కొట్టుకుపోయి మిల్లీలీటర్లు మిగిలాయి, కాబట్టి లెక్క దారి సరైందే. పొడి మందు లీటరుకి 2.5 గ్రాములైతే పంపుకి 40 గ్రాములు. ఎకరానికి 200 లీటర్లంటే పన్నెండున్నర పంపులు. మందుని సీసా మూతతో కొలవకండి, మూతలన్నీ ఒకే సైజు ఉండవు. కొలత గీతలున్న గ్లాసు గానీ సిరంజి గానీ మందుకే ప్రత్యేకంగా ఉంచండి. సిరంజి మీద సీసీ అని ఉన్నా కంగారు పడక్కర్లేదు, 1 సీసీ, 1 మి.లీ. ఒకటే.

లీటరు, కిలో ఒకటేనా అని చాలామంది అడుగుతారు. నీళ్లకి అయితే ఒకటే. వంటనూనె లీటరు ప్యాకెట్ మీద 910 గ్రాములని ఉంటుంది చూడండి. మందు సీసా సంగతీ అంతే, మి.లీ. అన్నచోట తూచకండి, గ్రాములన్నచోట గ్లాసుతో పోయకండి.

ఘనపు మీటరు అంటే 1000 లీటర్లు. 3 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, ఒకటిన్నర మీటర్ల లోతు ఉన్న సంపులో 9,000 లీటర్లు పడతాయి. వాన లెక్క కూడా ఇందులోంచే వస్తుంది. చదరపు మీటరు నేల మీద 1 మి.మీ. వాన కురిస్తే సరిగ్గా ఒక లీటరు. ఎకరం మీద 4,047 లీటర్లు.

నాన్న ఇప్పుడు అంచులు నిటారుగా ఉన్న పాత డబ్బా ఒకటి చేను గట్టున పెట్టుకున్నారు, పక్కనే నా స్కేలు. ఒకసారి రాత్రి వాన పడితే తెల్లారి కొలిచి నాకు ఫోన్ చేశారు. "ఇరవైమూడు మిల్లీమీటర్లమ్మా. ఎకరానికి తొంభైమూడు వేల లీటర్లు. ఇవాళ మోటారు వేయను."