ఆట తీరు జట్టుకు నప్పనప్పుడు: కాలేజీ బాస్కెట్‌బాల్‌లో సమస్య - పరిష్కారం

అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌లో జట్టు ఏటా మారిపోతూనే ఉంటుంది. సీనియర్లు చదువు ముగించుకుని వెళ్తారు, బాగా ఆడినవాళ్లు ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏకి పోతారు. వేరే కాలేజీకి మారాలనుకునేవాళ్లు పేరు నమోదు చేసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ 2018లో వచ్చాక మిగిలినవాళ్లు ఉంటారన్న భరోసా కూడా లేదు. కోచ్ ఆట తీరు మాత్రం పదేళ్లయినా అదే. ఓడినప్పుడు "కుర్రాళ్లలో కసి లేదు" అనేస్తారు. నా దృష్టిలో అది వాళ్లకు చేసే అన్యాయం. చాలాసార్లు లోపం వాళ్ల కష్టంలో ఉండదు, వాళ్లకు అప్పగించిన పనిలో ఉంటుంది.

ముందు ఈ లెక్క వేయండి

మ్యాచ్‌లో జట్టు చేతికి బంతి ఎన్నిసార్లు వచ్చిందో, అంటే ఎన్ని పొసెషన్లు ఆడిందో తెలియాలి. వేసిన షాట్లలోంచి అఫెన్సివ్ రీబౌండ్లు (తమ షాట్ తప్పాక మళ్లీ తామే అందుకున్న బంతులు) తీసేసి, టర్నోవర్లు (షాట్ వేయకుండానే పోగొట్టుకున్న బంతులు) కలిపి, ఫ్రీ త్రోలను (ఫౌల్‌కు దక్కే అడ్డులేని షాట్లు) 0.475తో గుణించి కలపాలి. 58 షాట్లు, 10 అఫెన్సివ్ రీబౌండ్లు, 13 టర్నోవర్లు, 20 ఫ్రీ త్రోలు అనుకుందాం. 58 - 10 + 13 + 9.5 = 70.5. టర్నోవర్లు 13 అంటే నూరు పొసెషన్లకు 18 పైచిలుకు. అదే 13 టర్నోవర్లు నిదానంగా ఆడే జట్టు 60 పొసెషన్లలో చేస్తే నూటికి దాదాపు 22, అది వేరే కథ. ఇలాగే షాట్ల నాణ్యత, అఫెన్సివ్ రీబౌండ్లు, ఫ్రీ త్రోలు కూడా చూడండి. టర్నోవర్లతో కలిపి, బాస్కెట్‌బాల్ గణాంకాల నిపుణుడు డీన్ ఆలివర్ చెప్పిన నాలుగు అంశాలు ఇవే. ఏది బాగా దెబ్బతిన్నదో అక్కడే వెతకాలి.

సమస్య: ప్రెస్ వేస్తున్నాం, బంతి దొరకడం లేదు, పైగా లేఅప్‌లు ఇచ్చేస్తున్నాం

ప్రెస్ అంటే ఎదుటివాళ్లు బంతి తెచ్చుకుంటుండగానే కోర్టు పొడవునా మీద పడటం, లేఅప్ అంటే రింగు దగ్గర నుంచి వేసే సులువైన షాట్. కారణం రెండు చోట్ల ఉంటుంది. బంతి ఉన్నవాడి మీద పడి ఊపిరాడనివ్వని గార్డ్ (బంతి తెచ్చే, బయట కాచే ఆటగాడు) లేకపోవడం ఒకటి, బెంచ్ పలచగా ఉండటం రెండోది.

వెస్ట్ వర్జీనియా కథ చూస్తే రెండూ అర్థమవుతాయి. కోచ్ బాబ్ హగ్గిన్స్ జట్టు 2013, 2014లో కాలేజీల జాతీయ పోటీ అయిన ఎన్‌సీఏఏ టోర్నమెంట్‌కే వెళ్లలేదు. మంచి షూటర్లు ఇద్దరు వేరే కాలేజీలకు వెళ్లిపోయారు. మిగిలినవాళ్లు షాట్లు వేసి గెలిపించేవాళ్లు కారు, కానీ పరిగెత్తగలరు, బెంచ్ మీద మనుషులున్నారు. దాంతో 2014-15లో హగ్గిన్స్ కోర్టు పొడవునా ప్రెస్ మొదలుపెట్టాడు. షాట్లు తప్పినా, లాక్కున్న బంతులతో ఎక్కువ అవకాశాలు సంపాదించడమే లెక్క. ఆ ఏడాదే చివరి పదహారు జట్లలో నిలిచారు. 2017, 2018లో మళ్లీ అక్కడిదాకా వచ్చారు. అదంతా నడిపించింది జెవాన్ కార్టర్. కోచ్‌ల సంఘం ఇచ్చే ఉత్తమ డిఫెండర్ అవార్డు వరుసగా రెండేళ్లు అతనికే వచ్చింది.

2018లో కార్టర్ వెళ్లిపోయాడు. ప్రెస్ దాటి వచ్చినవాళ్లను రింగు దగ్గర ఆపే సగాబా కొనాటే మోకాలి గాయంతో కొద్ది మ్యాచ్‌లకే ఆగిపోయాడు. 2018-19లో 15 గెలుపులు, 21 ఓటములు. మరుసటి ఏడాది డెరెక్ కల్వర్, ఆస్కర్ చిబ్వే అనే ఇద్దరు భారీ మనుషుల చుట్టూ ఆట కట్టుకున్నాక కరోనాతో సీజన్ ఆగేసరికి 21 గెలుపులు, 10 ఓటములు. హగ్గిన్స్ చేసిన మేలైన పని నన్నడిగితే ప్రెస్ మొదలుపెట్టడం కాదు, దాన్ని పక్కన పెట్టగలగడం.

పరిష్కారం: ఒకేలా పరిగెత్తగలిగేవాళ్లు ఎనిమిది, తొమ్మిది మంది లేకపోతే నలభై నిమిషాలూ ప్రెస్ వద్దు. ఫ్రీ త్రో పడ్డాక, టైమ్‌అవుట్ తర్వాత మాత్రమే వేయండి. బంతి మధ్య గీత దాటగానే అందరూ వెనక్కి.

సమస్య: ఎత్తైన సెంటర్ ఉన్నాడు, అయినా బంతి అతని దాకా చేరడం లేదు

కారణం సెంటర్ (రింగు దగ్గర ఆడే పొడుగు మనిషి) కాదు, బంతి తెచ్చేవాళ్లు. 2023లో పర్డ్యూకు ఏడడుగుల నాలుగంగుళాల జాక్ ఈడీ ఉన్నాడు. ఎన్‌సీఏఏ టోర్నమెంట్ మొదటి రౌండ్‌లోనే పదహారో సీడ్, అంటే అట్టడుగు ర్యాంకు, ఫెయిర్లీ డికిన్సన్ చేతిలో పర్డ్యూ 63-58తో ఓడింది. ఫెయిర్లీ డికిన్సన్ కాలేజీ ఆటలో పై స్థాయి అయిన డివిజన్ 1లోనే అతి పొట్టి జట్టు! వాళ్లు ఈడీ చుట్టూ మూగారు, గార్డులను కోర్టు పొడవునా వెంటాడారు. పర్డ్యూ గార్డులు బ్రేడెన్ స్మిత్, ఫ్లెచర్ లోయర్ ఇద్దరూ మొదటి ఏడాది కుర్రాళ్లు. పర్డ్యూ త్రీలు (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు) 26 వేస్తే పడ్డవి 5.

కోచ్ మాట్ పెయింటర్ ఈడీ చుట్టూ తిరిగే ఆటను వదల్లేదు, దానికి కావలసిన మనిషిని తెచ్చాడు. సదరన్ ఇల్లినాయ్ నుంచి వచ్చిన లాన్స్ జోన్స్ బంతి తేగలడు, త్రీ వేయగలడు, ఎదుటి గార్డును ఆపగలడు. 2024లో పర్డ్యూ ఫైనల్ దాకా వెళ్లింది. అక్కడ యూకాన్ ఈడీని దాదాపు ఒక్కడితోనే కాయించి, మిగతావాళ్లను షూటర్లకు అంటిపెట్టింది. ఈడీ 37 కొట్టినా పర్డ్యూ వేయగలిగిన త్రీలు 7, పడింది ఒక్కటి. 75-60తో ఓడింది.

పరిష్కారం: మీకు రెండో బంతి మోసేవాడు లేకపోతే సెంటర్‌ను రింగు కిందే నిలబెట్టకండి. ఫ్రీ త్రో గీత దాకా రప్పించి, అక్కడ పాస్ ఇచ్చి, ఆ తర్వాత లోపలికి వెళ్లమనండి.

సమస్య: నిదానంగా ఆడి గెలుస్తున్నాం, వెనకబడితే మాత్రం లేవలేకపోతున్నాం

పొసెషన్లు తగ్గితే బలహీన జట్టుకూ ఆశ పెరుగుతుంది. 2018లో నిదానంగా ఆడే వర్జీనియాకు, బలహీనమనుకున్న యూఎంబీసీకి మధ్య మ్యాచ్ సగానికి 21-21. రెండో సగంలో యూఎంబీసీ 53 కొట్టి 74-54తో గెలిచింది. వర్జీనియా ఆటగాడు డియాండ్రే హంటర్ మణికట్టు గాయంతో ఆడలేదు, లోటు పూడ్చే వేగం మిగతావాళ్లకు లేదు. మరుసటి ఏడాది వర్జీనియా కోచ్ టోనీ బెనెట్ డిఫెన్స్‌ను, నిదానాన్ని ముట్టుకోలేదు. టై జెరోమ్ చేతిలో బంతి పెట్టి బాల్ స్క్రీన్లు (బంతి ఉన్నవాడిని కాచేవాడికి సహచరుడు అడ్డు నిలవడం) పెంచాడు, కైల్ గై, హంటర్‌లకు షాట్లు దొరికాయి. ఫైనల్లో టెక్సస్ టెక్ మీద ఓవర్‌టైమ్‌లో 85-77తో గెలిచారు. గడియారాన్ని తిట్టుకోకుండా సొంతంగా షాట్ సృష్టించుకోగలిగేవాడెవరో ముందు వెతకండి.

సమస్య: జోన్ వేస్తే మూలల నుంచి త్రీలు పడుతున్నాయి

కాళ్లు నిదానమని జోన్‌కు, అంటే మనిషిని కాకుండా చోటును కాచే డిఫెన్స్‌కు వెళ్లి ఉంటారు. చేతుల పొడవు చూశారా? సిరక్యూస్ 2-3 జోన్ (ముందు ఇద్దరు, వెనక ముగ్గురు) బతికింది పొడుగు చేతుల మీదే. 2003 ఫైనల్ ఆఖర్లో కాన్సస్ ఆటగాడు మూల నుంచి వేసిన త్రీని సిరక్యూస్ ఆటగాడు హకీమ్ వారిక్ ఎగిరి అడ్డుకున్నాడు. అంత అందుకునేవాళ్లు లేకపోతే మ్యాన్ టు మ్యాన్ (ఒక్కొక్కరు ఒక్కో ఆటగాడిని కాయడం) ఆడి, సాయానికి వచ్చేవాళ్లను లోపలికి కుదించడం మేలు.

ఎప్పుడు మార్చాలి

నవంబర్ మ్యాచ్‌ల లెక్కలు చాలు, లోపం తెలుస్తుంది. అసలు కాన్ఫరెన్స్ (జట్టు చేరిన లీగ్) పోటీలు ఊపందుకునే జనవరిలోపు ఎవరు ఎన్ని నిమిషాలు ఆడాలి, ప్రెస్ ఎప్పుడు వేయాలి వంటివి మార్చుకోవచ్చు. కొత్త అఫెన్స్ నేర్పడం మాత్రం వేసవి పని. మార్పులు ఒక్కొక్కటిగా చేయండి. రెండు మార్పులు ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో లెక్కల్లో దొరకదు.