బీటెక్ చదువుతూ పాడేవాళ్లకు స్కాలర్‌షిప్ ఆడిషన్ చిట్కా

కేంద్ర సాంస్కృతిక శాఖ యువ కళాకారులకిచ్చే స్కాలర్‌షిప్‌కి సంగీతంలో డిగ్రీ అక్కర్లేదు. వయసు 18–25 మధ్య ఉండి, గురువు దగ్గర కనీసం 5 ఏళ్లు నేర్చుకుని ఉంటే బీటెక్, బీకాం వాళ్లూ అప్లై చేయొచ్చు. నెలకు 5,000 రూపాయల చొప్పున 2 ఏళ్లు ఇస్తారు. గురువుగారి లేఖలో "చాలాకాలంగా నేర్చుకుంటోంది" అని రాయించుకోకండి. ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా అన్నది స్పష్టంగా ఉండాలి.

ఇక ఆడిషన్‌లో కర్ణాటక గాత్రం పాడేవాళ్లకు. మీకు వచ్చిన పాటల పట్టికలో నలభై కృతులు రాసి గొప్పగా చూపిస్తే, అందులోంచి మీరు మర్చిపోయినదే అడుగుతారు. పది చాలు. కానీ ప్రతిదాని రాగం, తాళం, ఆరోహణ అవరోహణ (స్వరాలు ఎక్కే, దిగే వరుస), స్వరకల్పన (అప్పటికప్పుడు అల్లే స్వరాలు) ఎత్తుగడ నోటికి రావాలి. దర్బారు, నాయకి లాంటి దగ్గరి రాగాలు పట్టికలో ఉంటే తేడా పాడి చూపించమంటారు. చూపించలేకపోతే ఒకటి తీసేయడమే మేలు. వర్ణం రెండు కాలాల్లోనూ (మామూలు వేగం, దానికి రెట్టింపు) తాళం వేస్తూ పాడి చూసుకోండి. ఎక్కువమంది తడబడేది అక్కడే, రెండో కాలంలో చెయ్యి పరుగెత్తుతుంది.

ఉప్పల్ నుంచో మియాపూర్ నుంచో మెట్రోలో ఏసీ గాలి పీల్చుకుంటూ వచ్చి నేరుగా తారస్థాయి (పై స్వరాలు) ఎత్తితే గొంతు చీలుతుంది. ముందు ఓ ఇరవై నిమిషాలు మంద్రస్థాయిలో (కింది స్వరాల్లో) సరళీ స్వరాలు అకారంలో, అంటే 'ఆ' అంటూ, పాడుకోండి. తంబురాకు బదులు ఫోన్‌లో శ్రుతి యాప్ వాడేవాళ్లు ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. ఆలాపన మధ్యలో కాల్ వస్తే శ్రుతి ఆగిపోతుంది.