చలిలో మొరాయించి వేడెక్కాక బాగయ్యే పాత వీ8: ముందు హీట్ వాల్వ్ చూడండి

పొద్దున్నే ఇంజిన్ స్టార్ట్ చేసి గేరు వేయగానే ఆగిపోతుంది. యాక్సిలరేటర్ తొక్కితే తడబడుతుంది. ఓ పది నిమిషాలు నడిపాక ఏమీ ఎరగనట్టు మామూలైపోతుంది. ఇలా కనపడగానే చాలామంది కార్బ్యురేటర్ విప్పేస్తారు. దయచేసి విప్పకండి. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయమని ఒకరికి చెప్పి, ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ కింద హీట్ వాల్వ్ కడ్డీ లోపలికి లాక్కుంటోందో లేదో మీరు చూడండి. నిమిషం పని. ఈ నిమిషం కేటాయించక కార్బ్యురేటర్లు మార్చుకున్నవాళ్లను ఎంతోమందిని చూశాను.

జనరల్ మోటార్స్ 1975 నుంచి తన వీ8 ఇంజిన్లకు (వీ ఆకారంలో రెండు వైపులా నాలుగేసి సిలిండర్లు ఉండేవి) ఈఎఫ్ఈ, అంటే ఎర్లీ ఫ్యూయెల్ ఎవాపరేషన్ పేరుతో పెట్టిన వాల్వ్ గురించే చెబుతున్నాను, ఇంజిన్ పీల్చే వాక్యూమ్‌తో కదిలేది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు అది ఒక వైపు ఎగ్జాస్ట్ దారిని మూస్తుంది. ఆ వైపు పొగ ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ మధ్యలోని క్రాసోవర్ దారి గుండా అవతలి వైపుకు పోతూ కార్బ్యురేటర్ అడుగును వేడిచేస్తుంది. కూలెంట్ వేడెక్కాక థర్మల్ స్విచ్ వాక్యూమ్ ఆపేస్తుంది, స్ప్రింగ్ వాల్వ్‌ను తెరుస్తుంది.

చలిలో కడ్డీ కదలకపోతే

ఇంజిన్ ఆపి, చల్లగా ఉండగా కడ్డీని చేత్తో కదపండి. బిగుసుకుపోయి ఉంటే గ్రాఫైట్ కలిసిన హీట్ వాల్వ్ లూబ్రికెంట్ కొట్టి, షాఫ్ట్ రెండు చివరలా సుత్తితో మెల్లగా తడుతూ వదులు చేయండి. ఇంజిన్ ఆయిల్ మాత్రం వేయొద్దు, అది కాలి కార్బన్‌గా మారి మళ్లీ పట్టేస్తుంది. చేతికి కదులుతుంటే గేజ్ ఉన్న చేతి వాక్యూమ్ పంపుతో 10 అంగుళాల (పాదరసం) వాక్యూమ్ ఇవ్వండి. గేజ్ ముల్లు జారిపోతే కడ్డీని లాగే డయాఫ్రమ్ (పలుచటి పొర) చిరిగింది. నిలబడితే ట్యూబులో వాక్యూమ్ రావడం లేదని అర్థం, అంటే ట్యూబు పగిలింది లేదా స్విచ్ పోయింది.

వేడెక్కాక పికప్ లేకపోతే

వేడి ఇంజిన్‌లో వాల్వ్ ట్యూబుకు గేజ్ పెడితే సున్నా చూపాలి. వాక్యూమ్ చూపిస్తే స్విచ్ పాడైంది, లేదా ఎవరో ట్యూబును నేరుగా ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్‌కు తగిలించారు. ఈ రెండోది తరచూ కనపడుతుంది.

అన్నీ పనిచేస్తున్నా తడబాటు పోకపోతే

నన్ను బాగా ఏడిపించింది ఇదే. కడ్డీ చక్కగా కదులుతుంది, డయాఫ్రమ్ బాగుంది, స్విచ్ బాగుంది. అయినా పొద్దున్నే ఇంజిన్ ఊపిరాడనట్టు కొట్టుకుంటుంది. ఒక బండికి డయాఫ్రమ్, స్విచ్ రెండూ మార్చి, కార్బ్యురేటర్ కూడా సర్వీస్ చేశాను. మూడు ఆదివారాలు పోయాయి, తేడా రాలేదు.

తప్పంతా క్రాసోవర్ దారిలో ఉంది. ఏళ్ల తరబడి మసి పేరుకుని రాయిలా గట్టిపడి, దారి పూర్తిగా పూడుకుపోయింది. వాల్వ్ తన పని తాను సరిగ్గా చేస్తోంది, ఒక వైపు ఎగ్జాస్ట్‌ను మూస్తోంది. కానీ ఆ పొగ వెళ్లడానికి రెండో దారి లేదు. అలాంటప్పుడు వాల్వ్ ఎంత బాగా పనిచేస్తే ఇంజిన్ అంత అధ్వానంగా నడుస్తుంది! చోక్ స్ప్రింగ్ ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ గుంటలో కూర్చునే రకమైతే దానికీ వేడి అందదు. చోక్ ఆలస్యంగా తెరుచుకుంటుంది, నల్లపొగ వస్తుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది.

దీన్ని పట్టుకోవడానికి ఏమీ విప్పక్కర్లేదు. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి, తడబడుతుండగానే వాల్వ్ దగ్గర వాక్యూమ్ ట్యూబు పీకి, ట్యూబు చివర వేలితో మూయండి. ఇంజిన్ వెంటనే తేలికపడితే క్రాసోవర్ పూడుకుపోయినట్టే. అనుమానం మిగిలితే ఇంజిన్‌ను పూర్తిగా చల్లారనిచ్చి, ట్యూబు తగిలించి మళ్లీ స్టార్ట్ చేయండి. రెండు మూడు నిమిషాలయ్యాక కార్బ్యురేటర్ పక్కన మ్యానిఫోల్డ్ మధ్యభాగం మీద నీటి చుక్క వేయండి. దారి బాగుంటే చుయ్‌మంటుంది. పూడుకుపోతే చుక్క అలాగే నిలిచి ఉంటుంది.

బాగుచేయాలంటే ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ దించాలి, వేరే దారి లేదు. పైనుంచి స్ప్రేలు కొడితే ఆ గట్టి కార్బన్ కరగదు. పాత స్టీలు కేబుల్ ముక్క చివర విప్పదీసి డ్రిల్లుకు బిగించి లోపల తిప్పండి, మిగిలింది గీకి తీయండి. సిలిండర్ హెడ్ వైపు రంధ్రాలు మరవొద్దు. గీకే ముందు వాల్వ్ లిఫ్టర్ల లోయలో, ఇన్‌టేక్ పోర్టుల్లో గుడ్డలు కుక్కండి. ఒక్క కార్బన్ పలుకు సిలిండర్‌లో పడినా చాలా నష్టం.

వాల్వ్ లోపలి ఫ్లాప్ (మూత) షాఫ్ట్ నుంచి ఊడిపోవడం, కూలెంట్ తగ్గి స్విచ్ గాలిలో మిగలడం లాంటివి అరుదు. పైవన్నీ అయ్యాకే వాటి జోలికి వెళ్లండి.

వాల్వ్‌ను తీగతో తెరిచి కట్టేయమనేవాళ్లున్నారు. హైదరాబాద్ ఎండకు గడిచిపోవచ్చు గానీ, మిషిగన్ జనవరిలో కార్బ్యురేటర్ గొంతులో మంచు పడుతుంది.

చివరగా ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ కింద వేసే గాస్కెట్. కొన్ని సెట్లలో క్రాసోవర్ రంధ్రం మీద రేకు వేసి మూసేసి ఉంటుంది, రేసు ఇంజిన్ల కోసం. పాత యజమాని అదే వేసి ఉంటే మీరెంత శుభ్రం చేసినా లాభం ఉండదు. కొత్తది కొనేటప్పుడు రంధ్రం తెరిచి ఉందో లేదో కళ్లతో చూసి కొనండి. బిగించాక మర్నాడు పొద్దున్నే మళ్లీ నీటి చుక్క వేసి చూడండి.