బటర్‌ఫ్లై ట్రైనర్ తిప్పుతుంటే దెబ్బ ఎక్కడ తగులుతోంది? తప్పు అక్కడే వెతకండి

బటర్‌ఫ్లై కత్తి (రెండు హ్యాండిళ్లు విడివిడిగా తిరుగుతూ, మూస్తే బ్లేడుని మధ్యలో దాచుకునేది) తిప్పడం కొత్తగా మొదలుపెట్టినవాళ్లు అడిగే ప్రశ్న దాదాపు ఒకటే. "వీడియోలో వాడు చేసినట్టే చేస్తున్నా, నాకెందుకు రావట్లేదు?" అదే వీడియో పదిసార్లు చూసినా జవాబు దొరకదు, ఎందుకంటే అది మీ చేతి మీద ఉంది. ఏ కణుపు కందింది, ఏ వేలి సందు ఎర్రబడింది, బొబ్బ ఎక్కడ లేచింది అని చూసుకుంటే సగం తప్పులు వాటంతట అవే బయటపడతాయి. నేనూ రెండు నెలలు ట్రైనర్‌ని తిట్టుకున్నాక గానీ ఈ సంగతి గ్రహించలేదు.

ముందే చెప్పేస్తున్నా, ఇదంతా ట్రైనర్ గురించి. అంటే పదును లేని, మొన లేని, బ్లేడులో చిల్లులున్న మొద్దు ముక్క. నేరుగా పదునున్నదాంతోనే నేర్చుకుంటానంటే ఇక్కడితో చదవడం ఆపేయొచ్చు, ఎందుకంటే కింద చెప్పే ప్రతి పరిష్కారంలోనూ "మళ్లీ దెబ్బ తినండి, చూసుకోండి" అనే మాట ఉంది.

ఇంకో రెండు మాటలు తెలియకపోతే మిగతాది అర్థం కాదు. మూసినప్పుడు బ్లేడు పదును వైపు ఏ హ్యాండిల్‌లోకి వెళ్తుందో అది బైట్ హ్యాండిల్, కత్తి వెన్ను వైపు ఉండేది సేఫ్ హ్యాండిల్. నేర్చుకునేటప్పుడు పట్టుకోవాల్సింది సేఫ్ హ్యాండిల్. లాచ్, అంటే కింద ఉండే కొక్కెం, ఎక్కువగా బైట్ హ్యాండిల్‌కే ఉంటుంది గానీ అన్నిటికీ అలాగే ఉంటుందని లేదు, కాబట్టి లాచ్‌ని నమ్మొద్దు, బ్లేడు వంపు చూడండి. కొన్ని ట్రైనర్లకి రెండంచులూ ఒకేలా ఉంటాయి. అలాంటప్పుడు ఒక అంచు పదునుదని మీరే నిర్ణయించుకుని గుర్తు పెట్టుకోవాలి, లేకపోతే నెల తర్వాత తప్పు హ్యాండిల్‌తో ఆరితేరిపోతారు.

చూపుడువేలి వెనక కణుపు మీద దెబ్బ

అందరికీ మొదట తగిలేది ఇదే. కారణాలు రెండు, పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఒకటి, మీరు సరైన హ్యాండిలే పట్టుకున్నారు గానీ అవసరానికి మించిన బలంతో విసురుతున్నారు, వెన్ను వచ్చి కణుపుకి కొడుతోంది. ఇది నొప్పే తప్ప ప్రమాదం కాదు. రెండోది, బైట్ హ్యాండిల్ పట్టుకున్నారు, వచ్చి తగిలేది పదును వైపు. ట్రైనర్‌తో రెండిటికీ ఒకటే నొప్పి, అందుకే ఏది జరుగుతోందో తెలియకుండానే వారాలు గడిచిపోతాయి.

తేల్చుకోవడానికి కాటుక చాలు. డబ్బీలోంచి కాస్త తీసి, పదును ఉండాల్సిన అంచు పొడవునా సన్నగా రాయండి. ఇరవైసార్లు తెరిచి మూసి, లైటు కింద చేయి చూసుకోండి. నల్లగా అంటిన ప్రతి చోటూ అసలు కత్తితో అయితే కుట్లు పడే చోటు. మొదటిసారి చూసుకున్నప్పుడు నాకు చూపుడువేలి వెనక మూడు గీతలు, బొటనవేలి కొసన ఒక మచ్చ ఉన్నాయి. ఆ మూడు గీతలకీ కారణం ఒకటే: జేబులోంచి తీసి, చూడకుండా లాచ్ విప్పి, ఏది చేతికొస్తే అది పట్టుకుని తిప్పేయడం. బొటనవేలి మచ్చ మూసేటప్పటిది. అప్పటిదాకా తెరవడమే కష్టం, మూయడం ఎవరికైనా వచ్చు అనుకునేవాణ్ని.

మందు చాలా చవక. సేఫ్ హ్యాండిల్ మీద బొటనవేలు ఆనే చోట చిన్న టేపు ముక్క అంటించండి. గోళ్ల రంగు చుక్క పెట్టినా సరే గానీ, టేపు అయితే చూడకుండానే వేలికి తెలుస్తుంది. ఆ టేపు తగలకపోతే తిప్పకూడదు, అంతే. గీతలు పోయి నొప్పి మాత్రం మిగిలితే అది బలం ఎక్కువై వచ్చేది, వేగం సగానికి తగ్గించండి.

సగం తెరుచుకుని ఆగిపోతోంది

మామూలు ఓపెనింగ్‌లో మూడు ముక్కలున్నాయి. బైట్ హ్యాండిల్ వదిలి, మణికట్టు విసురుతో దాన్నీ బ్లేడునీ వేళ్ల వెనక్కి పంపడం ఒకటి. చేతిలో ఉన్న సేఫ్ హ్యాండిల్‌ని తాళంచెవి తిప్పినట్టు సగం తిప్పడం రెండు. బైట్ హ్యాండిల్‌ని మళ్లీ ముందుకి తెచ్చి రెండో హ్యాండిల్‌తో కలపడం మూడు. అందరూ మొదటిదీ మూడోదీ నేర్చుకుంటారు, ఎందుకంటే వీడియోలో కనపడేవి అవే. మధ్యది అరసెకను కూడా ఉండదు, అదీ అరచేతి చాటున జరుగుతుంది.

ఇక్కడ ఆగిపోయేవాళ్ల చేతిలో హ్యాండిల్ సుత్తి పట్టుకున్నట్టు నాలుగు వేళ్లలో బిగుసుకుని ఉంటుంది. ఇక తిరగడానికి చోటేది? బొటనవేలు, చూపుడువేలు మాత్రమే పట్టు, మిగతా వేళ్లు ఊరికే ఆనించి ఉంచాలి. పివట్‌కి (హ్యాండిల్ బ్లేడుకి అతికి తిరిగే చోటు) మరీ దగ్గరగా పట్టుకోకండి, బ్లేడుకీ వేళ్లకీ మధ్య ఖాళీ ఉండదు. తర్వాత మూడు ముక్కల్నీ విడివిడిగా, ఒక్కో దగ్గర పూర్తిగా ఆగుతూ చేయండి. ఒకటి, ఆగు. రెండు, ఆగు. మూడు. చూసేవాళ్లకి నవ్వొస్తుంది, పర్లేదు. ఆగి చేయగలిగిన రోజున కలిపి చేయడం దానంతట అదే వస్తుంది.

ఎన్ని చేసినా ఆగిపోతుంటే మోచేయి చూసుకోండి. చేయంతా ఊగుతుంటే విసురు హ్యాండిల్ దాకా చేరదు. మోచేయిని పక్కటెముకలకి ఆనించి, మణికట్టు మాత్రమే కదిలించండి.

మాటిమాటికీ జారి కింద పడుతోంది

ఎండాకాలం మన దగ్గర సగం కారణం చెమటే. చేతులు కడుక్కుని, పొడిగా తుడుచుకుని మొదలుపెట్టండి. పౌడర్ రాసుకుంటే మొదట బాగానే ఉంటుంది గానీ చెమటతో కలిసి పివట్లలోకి పోయి పేస్టులా పేరుకుంటుంది. మిగతా సగం భయం. బ్లేడు వేలి వైపు వస్తుంటే చేయి తనంతట తానే తెరుచుకుంటుంది. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు, ట్రైనరే కదా అని చేతికి నచ్చజెప్పడానికి కొన్ని రోజులు పడుతుంది.

కింద పడుతున్నదాన్ని పట్టుకోబోవద్దు, కాళ్లు వెనక్కి తీసుకోండి. ట్రైనర్‌తో ఉన్నప్పుడే ఈ అలవాటు పడాలి, ఎందుకంటే పడేదాన్ని పట్టుకునే చేతికి అది పదునుదో మొద్దుదో ఆ క్షణంలో గుర్తుండదు. మంచం ముందు నిలబడి, పరుపు మీద పడేలా చేయండి. పరుపు లేకపోతే మడతపెట్టిన బొంత చాలు. నేను హాస్టల్లో ఉన్నప్పుడు రాత్రి పదకొండింటికి టైల్స్ మీద పడేసుకుంటూ ఉండేవాణ్ని. మూడో రోజు కింది గదిలోని అన్న పైకొచ్చి, "తమ్ముడూ, రాత్రిపూట గిన్నెలు తోముతున్నావా?" అని అడిగాడు. ఆ మర్నాడే బొంత కొన్నాను. టైల్స్ దెబ్బకి హ్యాండిల్ అంచు మీద ఇనుప రేకలు లేచి అవే అరచేతిని గీరడం మొదలుపెట్టాయి, వాటిని సన్నటి గరుకు కాగితంతో రుద్దుకోవాల్సి వచ్చింది.

బొటనవేలి సందులో నొప్పి, రోల్‌ఓవర్ మధ్యలో ఆగడం

చూపుడువేలి చుట్టూ హ్యాండిల్ దొర్లించేటప్పుడు బొటనవేలు దారికి అడ్డం ఉంటుంది, హ్యాండిల్ వచ్చి ఆ సందులో గుద్దుతుంది. దొర్లడం మొదలవగానే బొటనవేలు పక్కకి వెళ్లిపోవాలి, తిరిగొచ్చాక పట్టుకోవాలి. చూపుడువేలు వంచకుండా చాచండి. ముందు లావుపాటి పెన్నుతో టీవీ చూస్తూ చేయండి, వేలికి దారి తెలిశాక ట్రైనర్ తీయండి. ఏరియల్, అంటే గాల్లోకి ఎగరేసి పట్టుకోవడం, మొదటి నెలలో వద్దనే అంటాను. చేసి తీరతామంటే, వేళ్లతో విసరకండి, చేయంతా పైకి లేపి పైన వదిలేయండి. గాల్లో పక్కకి వాలిపోతోందంటే వదిలేటప్పుడు మణికట్టు మెలిపడుతోందని అర్థం.

మణికట్టులో నొప్పి వస్తే మాత్రం టెక్నిక్ వెతక్కండి, ఆపేయండి. రోజుకి పావుగంట చొప్పున రెండుసార్లు చేసినవాడు, ఆదివారం నాలుగు గంటలు చేసినవాడికంటే ముందుకెళ్తాడు.

హ్యాండిళ్లు లొడలొడ, లేదా బిగుసుకుపోవడం

ఇప్పుడు ట్రైనర్ తప్పుల దగ్గరికి వద్దాం, ఇక్కడికి చివర్లోనే రావాలి. తెరిచి పట్టుకుని ఒక హ్యాండిల్‌ని అటూ ఇటూ కదిపి చూడండి, కాస్త ఊగడం సహజం. టకటకమని చప్పుడొస్తూ ఊగితే పివట్ స్క్రూ వదులైనట్టు. ముందు అది స్క్రూనో కాదో చూడండి. చవకవాటిలో స్క్రూకి బదులు కొట్టి బిగించిన పిన్ను ఉంటుంది, అది వదులైతే చేసేదేమీ లేదు, తీసి పక్కన పెట్టడమే. కొనేటప్పుడే స్క్రూ ఉన్నదా అని చూసుకుంటే ఈ బాధ ఉండదు.

స్క్రూ ఉంటే ఎక్కువగా టీ8 టార్క్స్ బిట్, అంటే నక్షత్రం ఆకారపు కొస ఉన్నది, పడుతుంది. అందుబాటులో ఉంది కదా అని అలెన్ కీతో తిప్పితే తల అరిగిపోతుంది, తర్వాత ఏ బిట్టూ పట్టదు. లోపల వాషర్లు, అంటే పల్చటి బిళ్లలు, మాత్రమే ఉన్న రకమైతే పూర్తిగా బిగించి, హ్యాండిల్ దాని బరువుకి అదే వాలేదాకా కొంచెం కొంచెంగా వదులు చేయండి. బుషింగ్, అంటే స్క్రూ చుట్టూ చిన్న గొట్టం, ఉన్న రకమైతే పూర్తిగా బిగించాలి, బిగించినా స్వేచ్ఛగా తిరిగేలానే దాన్ని తయారుచేస్తారు. రెండు రోజులకోసారి వదులవుతుంటే స్క్రూ గాడుల మీద నీలం రంగు థ్రెడ్ లాకర్ (స్క్రూ వదులవకుండా పట్టి ఉంచే జిగురు) ఒక చిన్న చుక్క, అగ్గిపుల్ల కొసతో పెట్టండి, ఒక రోజు ఆరనివ్వండి. ఎర్రది వాడితే మళ్లీ విప్పడానికి వేడి చేయాలి. ప్లాస్టిక్ హ్యాండిళ్లకి తగలనివ్వొద్దు, కొన్ని రకాల ప్లాస్టిక్ పగుళ్లిస్తుంది.

బిగుసుకుపోతే మట్టి, బొంత నూలు, ఇందాకటి పౌడర్. గోరువెచ్చని సబ్బునీళ్లలో ఆడించి, బాగా ఆరబెట్టి, పివట్ దగ్గర ఒక్క చుక్క కుట్టుమిషను నూనె. కొబ్బరినూనె మాత్రం వద్దు. నేను డిసెంబరులో వేశాను, పొద్దున్నే లేచి చూస్తే గడ్డకట్టి, హ్యాండిల్ కదల్లేదు.

లాచ్ వచ్చి హ్యాండిళ్ల మధ్య ఇరుక్కుంటుంటే స్క్రూ విప్పి తీసేయండి, నేర్చుకునేటప్పుడు దాంతో పనేమీ లేదు. తీయడానికి రాకపోతే టేపుతో కట్టేయండి.

"బయటికి తీసుకెళ్తే ఏమవుతుంది?"

ఇది టెక్నికల్ సమస్య కాదు గానీ అందరూ అడుగుతారు. ట్రైనర్ అయినా సరే, రోడ్డు మీద, కాలేజీలో, బస్‌స్టాండులో తిప్పకండి. దూరం నుంచి చూసేవాళ్లకి అది కత్తే, కానిస్టేబుల్ దగ్గరికొచ్చి పదును లేదని చూసేలోపే మీ సాయంత్రం స్టేషన్లో గడుస్తుంది. విమానంలో క్యాబిన్ బ్యాగులో అసలు పెట్టొద్దు. పై చదువులకి బయటి దేశాలకి వెళ్లేవాళ్లు ఇంకా జాగ్రత్త. ఫిలిప్పీన్స్‌లోని బటాంగాస్ పేరు చెప్తే గుర్తొచ్చే ఈ బాలిసాంగ్, అంటే మన బటర్‌ఫ్లై కత్తి, మీద చాలా దేశాల్లో ఆంక్షలున్నాయి. పదునున్నవి జర్మనీలో 2003 నుంచి నిషేధం, బ్రిటన్‌లో అయితే 2021 నుంచి ఇంట్లో ఉంచుకున్నా నేరమే. సూట్‌కేసు సర్దేటప్పుడు దాన్ని తమ్ముడికిచ్చేసి వెళ్లండి, కాటుక డబ్బీతో సహా.